సత్తు పడవకి రంగు చివర్న

పోయిన రెండు ఎపిసోడ్లలో నా వెనకాల గ్యారేజీలో బోర్లా పడుకోబెట్టిన పడవ కనిపించింది కదా, దాని గురించి చాలామంది అడిగారు. ఎక్కువమంది అడిగింది ఒకటే ప్రశ్న, "ఏ పెయింట్ వేస్తున్నారు?" అని. పెయింట్ సంగతి చెబుతాను, కానీ చివర్న చెబుతాను, అదీ కొంచెమే. పాత అల్యూమినియం పడవలో మనల్ని ముంచేవి మూడున్నాయి. ఒకటి పెయింట్ కింద ఉంటుంది, ఒకటి వెనక చెక్కలో ఉంటుంది, ఒకటి బెంచీల లోపల ఉంటుంది. మూడూ పైకి కనపడవు. ఈ రోజు మాట్లాడబోయేది వాటి గురించే.

ముందు పడవ ఏమిటో చెప్పేస్తాను. మేముండేది అమెరికాలో, మిన్నెసోటా రాష్ట్రంలో. ఇక్కడ కారు నంబర్ ప్లేట్ మీదే పదివేల సరస్సులని రాసుకుంటారు. వీధికొక ఇంటి పక్కనైనా ఇలాంటి పడవ గడ్డిలో పడి ఉంటుంది. 14 అడుగుల పొడవు, అడ్డంగా మూడు బెంచీలు, వెనక చిన్న మోటారు. చేపలు పట్టుకోవడానికి ఇంతకన్నా అక్కర్లేదు. రెండో ప్రపంచ యుద్ధం అయిపోయాక విమానాలకి వాడిన రేకు, ఆ రివెట్లు కొట్టే పనితనం ఈ పడవల్లోకి వచ్చాయి. యుద్ధ విమానాలు చేసిన గ్రమ్మన్ కంపెనీయే 1945లో అల్యూమినియం కనూలు చెయ్యడం మొదలుపెట్టింది. ఆలుమాక్రాఫ్ట్, క్రెస్ట్‌లైనర్, లండ్, ఈ మూడూ మిన్నెసోటాలో 1940లలో పుట్టిన పేర్లే. నాది ఏ కంపెనీది అన్నది ఇక్కడ ముఖ్యం కాదు, యాభయ్యేళ్ళకి దగ్గరపడ్డ ఏ పడవకైనా ఇదే కథ.

వయసు ఎలా తెలిసిందంటారా? 1972 నవంబరు నుంచి అమెరికాలో తయారైన ప్రతి పడవకీ వెనక కుడివైపు మూలలో 12 అక్షరాల నంబరు కొట్టి ఉంటుంది. చివరి అక్షరాల్లో ఏడాది ఉంటుంది. కొనేముందు ఆ నంబరూ, అమ్మేవాళ్ళ కాగితం మీది నంబరూ ఒకటేనా అని చూసుకోండి. పడవ, ట్రైలరు కలిపి నేను ఇచ్చింది 500 డాలర్లు. నంబర్లు కలవకపోతే 50 డాలర్లకి వచ్చినా నేను తీసుకోను.

ఇక అసలు పని. మా నాన్నగారు ఈసారి ఆరు నెలలకి వచ్చారు, రాజమండ్రి నుంచి. గ్యారేజీలోకి వచ్చి పడవ చుట్టూ ఒకసారి తిరిగి, "ఏరా, ఇది సత్తు గిన్నేగా? దీనికింత భాగోతమా?" అన్నారు. ఆ మాట నాకు చాలా నచ్చింది, ఎందుకంటే అది నిజం. సత్తు గిన్నె గురించి మన ఇళ్ళల్లో తెలిసినవన్నీ ఈ పడవకి పనికొస్తాయి. సత్తు గిన్నె తుప్పు పట్టదు. కానీ దాంట్లో ఆవకాయ పెట్టరు, చింతపండు పులుసు నిలవ ఉంచరు. ఉప్పూ పులుపూ కలిస్తే గిన్నె నల్లబడుతుంది, సన్నటి గుంటలు పడుతుంది. గిన్నెకి చిల్లు పడితే వీధిలోకి వచ్చిన మనిషి మాటు వేసేవాడు, రేకు ముక్క పెట్టి అటొకటి ఇటొకటి దెబ్బ వేసి. ఆ మాటు వేసే పనినే ఇక్కడ రివెట్ అంటారు.

ఈ పడవ రేకు మందం ఒకటిన్నర మిల్లీమీటర్ల పైచిలుకు, అంతే. రేకుకీ రేకుకీ అతుకు, రేకుకీ లోపలి పక్కటెముకకీ అతుకు, అన్నీ రివెట్లే. కొన్ని వందలుంటాయి. అలల మీద ఎగిరిపడిన ప్రతిసారీ, ట్రైలర్ మీద గతుకుల్లో కుదిలిన ప్రతిసారీ రేకు కొంచెం ఆడుతుంది. నలభై యాభై ఏళ్ళు అలా ఆడితే రివెట్ పట్టు వదులుతుంది. ఊడిపోదు, చూడ్డానికి బాగానే ఉంటుంది, చుట్టూ వెంట్రుకంత సందు వస్తుంది. అక్కణ్ణుంచి నీరు చెమరుస్తుంది.

ఏ రివెట్టో ఎలా కనుక్కోవాలి? సరస్సులో దింపి చూడక్కర్లేదు. తిరగేసి ఆలోచించండి. నీళ్ళు బయట కాదు, లోపల పొయ్యాలి. పడవని ట్రైలర్ మీదే ఉంచి, అడుగున మరగొట్టం బిగించి, తోట పైపుతో లోపల నీళ్ళు పట్టండి. బయట కింద పడుకుని టార్చి వేసి చూడండి. ఎక్కడ బొట్టు కడుతుందో అక్కడ మార్కర్‌తో సున్నా చుట్టండి.

ఇక్కడొక హెచ్చరిక. అంచు దాకా నింపొద్దు. సరస్సులో పడవకి కింద అంతటా నీళ్ళు మోస్తాయి, ట్రైలర్ మీద రెండు పట్టీలే మోస్తాయి. 12 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు అడుగు భాగంలో 4 అంగుళాలు నీళ్ళు పోస్తేనే దాదాపు 450 కిలోలు అవుతుంది. చిన్న ట్రైలర్ ఆగదు, రేకూ వంగుతుంది. అందుకని ట్రైలర్ మెడ పైకెత్తి వెనక భాగంలో కాసిని నీళ్ళు పోసి చూశాం. తర్వాత మెడ దించి ముందు భాగం చూశాం. నీళ్ళు పోసే ఓపిక లేకపోతే రాత్రి గ్యారేజీలో లైట్లన్నీ ఆర్పేసి, లోపల బలమైన దీపం పెట్టి బయటనుంచి చూడండి. చిల్లులు చుక్కల్లా కనిపిస్తాయి. కానీ చెమర్చే రివెట్లు ఇలా దొరకవు, వాటికి నీళ్ళే పరీక్ష.

మాకు 23 సున్నాలు వచ్చాయి. పడవ వయసుకి అది తక్కువే.

ఇప్పుడు ఆ 23కి ఏం చెయ్యాలి? ఇంటర్నెట్ నిండా ఒకటే సలహా ఉంటుంది, పైన ఏదైనా జిగురు పూసెయ్యమని. హార్డ్‌వేర్ షాపులో దొరికే బాత్రూం సిలికాన్ పూసిన పడవలు నేను చాలా చూశాను. దయచేసి ఆ పని చెయ్యకండి. సిలికాన్ ఒక ఏడాది ఆగుతుందేమో. తర్వాత ఊడుతుంది, ఊడినచోట ఇంకేదీ అంటుకోదు, పెయింట్ కూడా. అసలు సంగతి ఏమిటంటే వదులైన రివెట్‌కి జిగురు మందు కాదు. ముందు బిగించాలి, తర్వాత పూత.

బిగించడం ఇద్దరి పని. ఒకరు లోపల రివెట్ తోక మీద బరువైన ఇనప దిమ్మె గట్టిగా ఆనించి పట్టుకోవాలి. ఇంకొకరు బయట తల మీద సుత్తితో కొట్టాలి. దెబ్బకి మధ్యలో ఉన్న మెత్తని అల్యూమినియం కొంచెం ఉబ్బి చిల్లుని మళ్ళీ నింపుతుంది. కమ్మరి కొలిమిలో దాగలి చేసే పనే ఆ దిమ్మె చేస్తుంది. మా నాన్నగారు పడవ లోపల పీట వేసుకుని కూర్చున్నారు, దిమ్మె ఆయన చేతిలో, సుత్తి నా చేతిలో. మధ్యలో రేకు ఉంది, ఒకరికొకరం కనపడం. మొదట్లో నేను ఎక్కడ కొడతానో ఆయనకి తెలియడం లేదు. అప్పుడు ఆయనే ఒక పద్ధతి పెట్టారు. ఆయన లోపలనుంచి దిమ్మెతో ఒక దెబ్బ వేస్తారు, అది "సిద్ధం" అని. నేను మూడు దెబ్బలు కొట్టి ఆగుతాను. ఆయన వేలితో తడిమి బాగుంటే రెండు దెబ్బలు వేస్తారు, అంటే "తర్వాతది" అని. మధ్యాహ్నం భోజనం వేళకి మా ఇద్దరికీ మాటలతో పని లేకుండా పోయింది. నాలుగైదు దెబ్బలకి మించి కొట్టకండి. తల పగిలితే రేకు నొక్కుకుపోతుంది.

17 రివెట్లు అలా బిగిశాయి. మిగిలిన ఆరు బిగియలేదు, అంటే తోక అరిగిపోయింది. వాటిని తీసి కొత్తవి వెయ్యాలి. తల మధ్యలో డ్రిల్లు పెట్టి తల వరకే తొలచండి, మిగతాది పంచితో కొట్టి నెట్టెయ్యండి. డ్రిల్లు చివరి దాకా దింపితే చిల్లు పెద్దదవుతుంది, అప్పుడు అదే సైజు రివెట్ పట్టదు. కొత్తది కూడా అల్యూమినియమే ఉండాలి. మా వాటి సైజు 3/16 అంగుళం. ఇద్దరి చేతులూ లోపలికి వెళ్ళని ఇరుకు మూలలుంటాయి, అక్కడ తుపాకీతో లాగే పాప్ రివెట్లు వాడొచ్చు. కానీ మామూలు పాప్ రివెట్‌కి మధ్యలో బోలు ఉంటుంది. పడవకి చిల్లు మూయడానికి చిల్లున్న మేకు కొట్టినట్టు! కొస మూసి ఉన్న రకం విడిగా దొరుకుతుంది, అది అడగండి. ఏ రకమైనా పెట్టేముందు చిల్లులో 3ఎం 5200 లాంటి పాలీయురిథేన్ పడవ జిగురు కొంచెం పెట్టండి. అది పూర్తిగా గట్టిపడటానికి వారం పడుతుంది, తొందరపడకండి.

ఇదంతా అయ్యాకే పూత. గ్లువిట్ అని రెండు డబ్బాలు కలిపి వాడే ఎపాక్సీ ఉంది. లోపలివైపు శుభ్రంగా తోమి, ఆరబెట్టి, రివెట్ వరసల మీదా అతుకుల మీదా బ్రష్‌తో పూయాలి. రేకు కొంచెం వెచ్చగా ఉంటే అది పల్చబడి సందుల్లోకి దిగుతుంది. మన దగ్గర చెక్క పడవల వాళ్ళు పలకల మధ్య సందుల్లో దూది కూరి పైన పూత వేస్తారు చూడండి, కూరడం ముందు, పూత తర్వాత. ఇక్కడా వరస అదే.

రెండోది వెనక పలక. ట్రాన్సమ్ అంటారు, మోటారు తగిలించేది దానికే. బయట అల్యూమినియం రేకు కనిపిస్తుంది, కానీ బలమంతా లోపలున్న చెక్కది. మా మోటారు 9.9 హార్స్ పవర్, బరువు 40 కిలోల దాకా ఉంటుంది. ఆ బరువూ, అది తోసే తోపూ ఆ చెక్క మీదే. స్క్రూడ్రైవర్ తీసుకుని చెక్కలో గుచ్చి చూడండి. మాది కేకులో గుచ్చినట్టు దిగిపోయింది.

పాత చెక్కని ముక్కలు చెయ్యకుండా ఒక్క ముక్కగా తియ్యగలిగితే అదే మీకు అచ్చు. మాది పొడైపోయింది కాబట్టి అట్టపెట్టె కత్తిరించి అచ్చు తీసుకున్నాం. ముప్పావు అంగుళం ప్లైవుడ్ రెండు పొరలు ఎపాక్సీతో అతికించి రాత్రంతా బిగించి ఉంచితే ఒకటిన్నర అంగుళం పలక వస్తుంది. అన్ని వైపులా మూడు పూతలు ఎపాక్సీ వేశాం. అంచులు మాత్రం నాలుగైదు సార్లు, ఎందుకంటే ప్లైవుడ్ నీళ్ళు తాగేది అంచులనుంచే. బోల్టు చిల్లుల విషయంలో నేను మొండిగా ఉంటాను. పెద్ద చిల్లు వేసి, దాన్ని ఎపాక్సీతో నింపి, గట్టిపడ్డాక దాని మధ్యలో అసలు చిల్లు వెయ్యాలి. బోల్టు చుట్టూ చెక్క తగలకూడదు. పనంతా రెండింతలవుతుంది, నిజమే. ఇంకో ముప్పై ఏళ్ళు మళ్ళీ విప్పక్కర్లేదు.

ఇక్కడ చాలామంది దెబ్బతినే చోటు చెప్పాలి. షాపులో లేత ఆకుపచ్చగా ఉండే చెక్క అమ్ముతారు, నేలలో పాతినా చెదపట్టనిది, కుళ్ళనిది. పడవకి ఇదే కదా కావల్సింది అనిపిస్తుంది. వద్దు! అది కుళ్ళకపోవడానికి దాంట్లో ఎక్కించింది రాగి. 2004 నుంచి ఇళ్ళ వాడకానికి ఆర్సెనిక్ ఉన్న చెక్క ఆపేసి రాగి ఎక్కువున్నది తెచ్చారు. రాగీ అల్యూమినియమూ తడిలో పక్కపక్కన ఉంటే బ్యాటరీ తయారవుతుంది, అల్యూమినియం కరిగిపోతుంది. చెక్క నిక్షేపంలా ఉంటుంది, పడవ పోతుంది. ఆ కారణానికే పడవ అడుగున చిల్లర పడేసుకోకూడదు. 1982కి ముందటి ఒక సెంటు నాణెం 95 శాతం రాగి. తడిలో ఒక సీజనంతా పడుంటే దాని కింద గుండ్రంగా రేకుని తినేస్తుంది. ఇత్తడి స్క్రూలు కూడా అంతే. స్టెయిన్‌లెస్ బోల్టులు వాడొచ్చు, చుట్టూ జిగురు పెట్టి రేకుకి నేరుగా తగలకుండా. టెక్సాస్‌లోనో ఫ్లోరిడాలోనో ఉప్పునీళ్ళ దగ్గర ఉండి ఇది చూస్తున్నవాళ్ళు ఈ మాట రెండుసార్లు వినండి. మంచినీళ్ళలో ఏళ్ళు పట్టేది ఉప్పునీళ్ళలో నెలల్లో అవుతుంది. ఆవకాయ జాడీ సంగతే.

మూడోది, నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైనది, బెంచీల లోపల ఉన్న ఫోమ్.

అల్యూమినియం నీళ్ళకన్నా 2.7 రెట్లు బరువు. పడవ తేలేది లోపల గాలి ఉన్నంతసేపే. అల వచ్చి నిండిపోతే గిన్నె మునిగినట్టే మునుగుతుంది. మునగకుండా ఆపేది బెంచీల కింద పెట్టెల్లో నింపిన ఫోమ్. నలభై ఏళ్ళల్లో ఆ ఫోమ్ స్పాంజిలా నీళ్ళు పీల్చుకుంటుంది. పైనుంచి చూస్తే తెలియదు. బెంచీ మూతల రివెట్లు తీసి, లోపలున్నది బయటికి లాగి, బాత్రూం తూకం మీద పెట్టాం. 38 కిలోలు. దాని స్థానంలో నీళ్ళు పీల్చని గట్టి ఫోమ్ షీట్లు కోసి సందు లేకుండా పేర్చాం, అది 9 కిలోలు. ఇన్నాళ్ళూ పడవ సుమారు 30 కిలోల నీళ్ళని తనలో తను మోసుకు తిరుగుతోంది, పైగా తేలే బలమూ అంతమేరకి తగ్గిపోయింది.

లెక్క చూడండి. ఒక ఘనపుటడుగు నీళ్ళు 62 పౌండ్ల పైచిలుకు. పొడి ఫోమ్ ఒక ఘనపుటడుగు దాదాపు 60 పౌండ్లు తేలుస్తుంది. మా మూడు బెంచీల్లో పట్టింది 12 ఘనపుటడుగులు. అంటే సుమారు 320 కిలోలు. నిండిన పడవనీ, మోటారునీ పైన ఉంచి, చుట్టూ పట్టుకున్న మనుషులకి ఆసరా ఇవ్వడానికి అది చాలు. పెట్రోలు తగిలితే కరిగిపోయే రకం షీట్లున్నాయి, వెనక బెంచీ దగ్గర పెట్రోలు డబ్బా పెట్టేవాళ్ళు పైన మూత గట్టిగా మూసుకోవాలి.

ఇప్పుడు నాకు కోపం తెప్పించే విషయం. వీడియోల్లో ఒక ఫ్యాషన్ నడుస్తోంది. మధ్య బెంచీ కోసి పారేసి, చదునుగా ప్లైవుడ్ పరిచి, కార్పెట్ వేసి, లైట్లు పెట్టి చూపిస్తారు. బ్రహ్మాండంగా ఉంటుంది చూడ్డానికి. కానీ ఆ బెంచీ కూర్చోవడానికి మాత్రమే కాదు. రెండు పక్కల రేకునీ విచ్చుకోకుండా పట్టుకునే అడ్డదూలం అది. దాని కింద ఫోమ్ కూడా పోతుంది, దాని బదులు చేపల సామాను పెట్టుకునే అర వస్తుంది. పైన నిలబడేసరికి బరువు పైకి జరిగి పడవ తూలడం ఎక్కువవుతుంది. బెంచీ ఎత్తులో కూర్చోవడానికి చేసిన పడవ మీద వేదిక కట్టి నిలబడితే ఏమవుతుందో పడవే చెబుతుంది. వాళ్ళ పడవ, వాళ్ళ ఇష్టం. నా పడవలో మా నాన్నగారు, ఎనిమిదేళ్ళ మా అబ్బాయి కూర్చుంటారు. మేం కొయ్యలేదు.

నాన్నగారు ఒక సాయంత్రం అన్నారు, "గోదావరి ఈదినవాణ్ణిరా, నాకీ అట్టలతో పనేంటి" అని. ఆయన ఈదారు, అబద్ధం కాదు. కానీ గోదావరి నీళ్ళు వేరు, మంచు కరిగి నెల కూడా కాని సరస్సు నీళ్ళు వేరు. ఆ చలిలో పడితే మొదటి నిమిషంలో ఊపిరి మన చేతిలో ఉండదు. గబుక్కున నోరు తెరిచి పీలుస్తాం, ఆ క్షణంలో తల నీళ్ళ పైన ఉండాలి. కాసేపటికి చేతులు కొంకర్లు పోతాయి, ఎంత ఈతగాడికైనా. అప్పుడు కావల్సింది ఒంటి మీద లైఫ్ జాకెట్, పట్టుకోవడానికి తేలుతున్న పడవ. ఇక్కడి చట్టం పదేళ్ళలోపు పిల్లలకి జాకెట్ తప్పనిసరి అంటుంది. మా పడవలో అది 68 ఏళ్ళవాళ్ళకి కూడా తప్పనిసరి. ఆయన రెండు రోజులు మాట్లాడలేదు. తర్వాత వేసుకుని అద్దంలో చూసుకున్నారు.

ఎంతమంది ఎక్కొచ్చు అని అడిగారు ఒకరు. పడవ మీద పలక ఉంటే దాని మాటే మాట. మాది అక్షరాలు చెరిగిపోయింది. అలాంటప్పుడు పొడవునీ వెడల్పునీ అడుగుల్లో హెచ్చించి 15తో భాగించమంటారు. 14 ఇంటూ 5, డెబ్భై. పదిహేనుతో భాగిస్తే నాలుగున్నర పైన వస్తుంది, అంటే నలుగురు. ఆ లెక్కలో మనిషంటే 68 కిలోలు, అదీ నీళ్ళు నెమ్మదిగా ఉన్న రోజున. మేం ముగ్గురమే ఎక్కుతాం, సామాను ఉంటుంది కాబట్టి.

సరే, పెయింట్. పాత పెయింట్‌లో సీసం ఉండొచ్చు, పొడిగా గీకి దుమ్ము లేపకండి. తడిపి రుద్దండి, సరైన మాస్క్ పెట్టుకోండి, పిల్లల్ని రానివ్వకండి. క్షారం ఉన్న పెయింట్ రిమూవర్లు అల్యూమినియాన్ని తినేస్తాయి, డబ్బా మీద చదివి కొనండి. మామూలు స్టీలు పీచుతో తోమొద్దు, ఇనప రజను రేకులో ఇరుక్కుని తర్వాత తుప్పు మచ్చలు వస్తాయి. తోమిన అల్యూమినియం మీద కంటికి కనపడని పొర మళ్ళీ నిమిషాల్లో కడుతుంది, దాని మీద పెయింట్ నిలవదు. అందుకని తోమిన రోజే అసిటోన్‌తో తుడిచి, రేకుని కొరికి పట్టుకునే సెల్ఫ్ ఎచింగ్ ప్రైమర్ పల్చగా వెయ్యాలి. దాని పైన ఏ పడవ ఎనామెల్ అయినా ఫరవాలేదు. మాది బయట ముదురాకుపచ్చ, లోపల లేత బూడిద రంగు, ఎండకి బెంచీలు కాలకుండా. నిజానికి మంచినీళ్ళలో తిరిగే పడవకి పెయింట్ లేకపోయినా నష్టం లేదు. అందుకే చివర్న చెప్పాను.

మొత్తం సామానుకి 410 డాలర్లు అయింది. ఎనిమిది వారాంతాలు పట్టింది, జిగుర్లు ఆరడానికి ఆగిన రోజులు కాక.

పోయిన ఆదివారం పొద్దున్నే మా ఇంటి దగ్గర చిన్న సరస్సులో దింపాం. మోటారు పెట్టలేదు, తెడ్లే. ఒడ్డు పక్కనే, నడుములోతు నీళ్ళలో, ముప్పావు గంట. అబ్బాయి చేతిలో పొడి కాగితం తువ్వాళ్ళు ఇచ్చి ఒక్కో రివెట్ వరస మీదా అద్దమన్నాను. తడి తగిలితే అరవాలి. రెండు వరసలు అయ్యాయి, మూడు అయ్యాయి, ఏమీ లేదు. ముందు బెంచీ కింద ఎడమవైపు మాత్రం కాగితం మీద రూపాయి బిళ్ళంత తడి వచ్చింది. నీళ్ళ పరీక్షలో చెమర్చని రివెట్ అది, ముగ్గురి బరువు పడేసరికి బయటపడింది. నాన్నగారు జేబులోంచి మార్కర్ తీసి సున్నా చుట్టారు. మార్కర్ ఎప్పుడు జేబులో పెట్టుకున్నారో నాకు తెలియదు.

ఈ శనివారం ఆ 24వది బిగిస్తాం. మోటారుకి కార్బురేటర్ విప్పి శుభ్రం చెయ్యాలి, అది వచ్చే ఎపిసోడ్. ఉంటానండీ.